ఆషాఢంలో మూసీ వెంట

గురువారం, గండిపేట

తెలుగు కథల్లో వాన చాలాసార్లు ఎవరినో ఒకరిని ఆపడానికే కురుస్తుంది. పొరుగూరికి బయలుదేరినవాడు పరాయి ఇంటి అరుగు మీద చిక్కుకుపోతాడు, అక్కడ వినకూడని మాట వింటాడు, లేదా ఎన్నాళ్లుగానో చెప్పలేని మాట చెప్పేస్తాడు; వాన వెలిసేసరికి కథ మలుపు తిరిగి ఉంటుంది. ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. వాలి వధ ముగిసి, సీతను వెదకడానికి వానరసేన కదలవలసిన సమయానికి వానాకాలం వచ్చిపడుతుంది. రాముడు ప్రస్రవణగిరి గుహలో నెలల తరబడి కూర్చుంటాడు. కిష్కింధకాండలోని వర్షవర్ణన ఆ నిరీక్షణలోంచే పుడుతుంది. కాళిదాసు యక్షుడికి ఆషాఢంలో రామగిరి మీద మేఘం కనిపించకపోతే కావ్యమే లేదు.

వానను ఇలా నేపథ్యంగా వాడుకోవాలంటే అది వస్తుందని, కొంతకాలం ఉంటుందని, పోతుందని చదువరికి ముందే తెలిసి ఉండాలి. ఆ తెలివిడి ఈమధ్య సడలిపోతున్నదన్న అనుమానం చాలాకాలంగా నన్ను పట్టుకుని ఉంది. కథల్లో వాన గురించి ఒక వ్యాసం రాసే పని మీద పడినప్పుడు, పుస్తకాల ముందు కూర్చోవడం కన్నా వాన వల్ల చెడి, వాన వల్లే బాగుపడిన ఒక నగరంలో తిరిగి రావడం మేలనిపించింది. బోనాల వారంలో ఖమ్మం నుంచి బయలుదేరి, హైదరాబాద్ రామంతాపూర్‌లో చిన్నమ్మ వాళ్లింట్లో దిగాను.

నది కథ ఎగువ నుంచి చదవాలి కాబట్టి మొదట గండిపేటకు వెళ్లాను. మూసీ వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుగా వచ్చి, నగరానికి ముందు ఇక్కడ ఆగుతుంది. ఉస్మాన్‌సాగర్ కట్ట మీద నిలబడితే తాగునీటి చెరువు చూస్తున్నట్టే ఉంటుంది. కాల్చిన మక్కకంకులు, మిర్చి బజ్జీలు అమ్మే బండ్ల మధ్య ఇది వరద నుంచి నగరాన్ని కాపాడటానికి కట్టిన జలాశయమన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచిన వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహా మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1790 అడుగులు, గేట్లు 15. నేను వెళ్లిననాడు నీరు ఆ మట్టానికి బాగా దిగువన ఉంది, గేట్ల అవతల రాళ్ల మధ్య గడ్డి మొలిచి ఉంది.

ఇక్కడొక చిక్కు ఉంది. తాగునీటి కోసమైతే జలాశయం నిండుగా ఉండాలి, వరదను ఆపడానికైతే ఖాళీగా ఉండాలి. వానలు ఒక క్రమంలో వచ్చినంతకాలం ఈ రెంటినీ పొసగించడం కష్టం కాదు. మూడు వారాలు ముఖం చాటేసి ఒక్క రాత్రిలో కుమ్మరించే వానలతోనే పేచీ. పరీవాహకంలో పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో మీద ఏళ్లుగా సాగుతున్న వాదం కూడా చివరికి ఈ చిక్కు దగ్గరికే వస్తుంది, ఎందుకంటే కాంక్రీటు మీద పడిన వాన నేలలోకి ఇంకదు, ఒక్కసారిగా పరుగెత్తుకొస్తుంది.

తిరుగు దారిలో ఇబ్రహీంబాగ్‌లో దిగి కుతుబ్‌షాహీ సమాధుల వద్ద కాసేపు నిలిచాను. నగరాన్ని నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ ఉర్దూలో వసంతం మీద, వానాకాలం మీద కవితలు రాశాడు. ఆయన వాన ఉత్సవం లాంటి వాన: మెరుపు, పచ్చదనం, అలంకరించుకున్న స్త్రీలు, పానపాత్ర. ఎండతో మాడిన దక్కను పీఠభూమిలో తొలకరి ఎంత సంబరమో ఆ కవితలు చెబుతాయి. అయితే ఆ వాన కోటలోంచి, గోడలూ కప్పూ గట్టిగా ఉన్న చోటినుంచి చూసిన వాన. ఆయనకు ముందే విజయనగరంలో కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వానాకాలాన్ని వర్ణిస్తూ, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్లను, తడిసిన కట్టెలు రాజుకోని పొయ్యిని, పొగ కమ్మిన వంటింటిని చూపించాడు. చక్రవర్తి అయి ఉండి పొయ్యి దగ్గరికి వెళ్లడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

శుక్రవారం, సంగమం నుంచి చాదర్‌ఘాట్ దాకా

లంగర్‌హౌజ్ దగ్గర బాపూఘాట్ వద్ద ఈసీ వచ్చి మూసీలో కలుస్తుంది. రెండు జలాశయాలు వదిలిన నీరు ఒకటయ్యేది ఇక్కడే. అక్కడినుంచి ఆటోలో పురానాపూల్‌కు వచ్చాను. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ వంతెన 1908లో మిగిలిన వంతెనలు తెగిపోయినప్పుడు కూడా నిలిచింది. ఇప్పుడు దాని మీద కూరగాయల బేరం సాగుతోంది. కింద నీరు నల్లగా, నురుగుతో, నదికి తగని నిదానంతో వెళుతోంది.

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర చాలాసేపు ఉన్నాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఈ చెట్టు కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. నగరంలో చనిపోయినవారు దాదాపు 15,000 అని అంచనా. నగరంలో పడిన వాన ఒక్కటే దీనికి కారణం కాదు. ఎగువన పరీవాహకంలో వందలకొద్దీ ఉన్న చిన్న చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగుతూ వచ్చాయి, పై చెరువు తెగిన నీరు కింది చెరువును తెంపింది, ఆ నీరంతా ఒకేసారి నగరం మీద పడింది. విశ్వేశ్వరయ్య మరుసటి సంవత్సరం వచ్చి ఈ లెక్క తీసిన తర్వాతే ఎగువన పెద్ద జలాశయాలు కట్టాలన్న ఆలోచన కుదిరింది.

జనం చెప్పుకునే కథ మాత్రం వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పండితుల మాట విని నది ఒడ్డుకు వెళ్లి, మూసీకి చీర, గాజులు, పసుపు కుంకుమలు సమర్పించి హారతి పట్టాడని, ఆ తర్వాతే నది శాంతించిందని చెబుతారు. చెరువుల గొలుసు కథ కన్నా ఈ కథే ఎక్కువకాలం బతికింది. కారణం ఊహించడం కష్టం కాదు: ఇందులో నదికి కోపం ఉంది, ఆ కోపాన్ని తీర్చే మనిషి ఉన్నాడు. చెరువుల కథలో నిందించడానికీ వేడుకోవడానికీ ఎవరూ లేరు. అయినా చెప్పడం చేతనైనవాడి చేతిలో పడితే ఆ రెండోదే గొప్ప కథ అవుతుందని, రాత్రివేళ ఒక్కొక్క కట్టా తెగుతూ రావడం కన్నా ఉత్కంఠ ఏ నవలలోనూ ఉండదని నా నమ్మకం.

ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురును పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. తర్వాత రుబాయీల కవిగా పేరుపొందిన ఆయన ఆ రాత్రి మీద రాసిన కవితకు చిన్న ప్రళయం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. విరహానికీ శృంగారానికీ అలవాటుపడిన వాన ఈ నగరంలో ఆ కవిత దగ్గర తన పాత వేషం విప్పేసిందని అనుకుంటాను. ఆయనకు వాన ఒక మనోభావానికి గుర్తు కాదు, ఇంటి గోడను తోసిన నీరు.

అక్కడినుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ కూతవేటు దూరం. నది మధ్యనున్న నేల మీద కట్టిన ఈ బస్టాండులోకి 2025 సెప్టెంబర్ చివర్లో, పైన రెండు జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు, నీరు చేరి ప్రయాణికులు రాత్రివేళ చిక్కుకుపోయారు. మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ వైపు రాకపోకలు ఆగిపోయాయి. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే ఆయనను ఆ రాత్రి సంగతి అడిగితే, "వాన మామూలుగనే పడ్డది సార్, నీళ్లే మామూలుగ రాలే" అన్నాడు. దిగువన ఉన్నవాళ్లకు వాన వేరు, వరద వేరు.

రాత్రి భోజనాల దగ్గర బాబాయితో ఈ తేదీల మాట వచ్చింది. 1908 వరద హస్త కార్తె మొదట్లో వచ్చింది, 2025దీ దాదాపు అదే సమయానికి. వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించిన ఆయనకు కార్తెలు వేళ్ల మీద ఉంటాయి. "హస్తకు ఆది వర్షం, చిత్తకు చివరి వర్షం అన్నరు. పడుడు కొత్త గాదు బిడ్డా. ఇంత ఒక్కనాడు పడుతదని మాత్రం ఎవ్వరనలే" అన్నాడు. వానకు వేళ మారిందని సులువుగా తేల్చేయబోయిన నన్ను ఆ మాట ఆపింది. కార్తె అదే, ఒక్క పూటలో దిగే బరువు వేరు.

శనివారం, కృష్ణానగర్

సినిమాల్లో వాన కురిపించే పనిలో ఉన్న ఒక పరిచయస్థుణ్ణి కలవడానికి పొద్దున్నే కృష్ణానగర్ వెళ్లాను. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, సహాయ దర్శకులు కిక్కిరిసి ఉండే ఈ గల్లీల్లో తెర మీద మనం చూసే వాన సగం తయారవుతుందని చెప్పవచ్చు. నీళ్ల ట్యాంకరు, మోటారు, పైపులు, ఎత్తున కట్టిన స్ప్రింక్లర్లు ఇందుకు సరంజామా. నిజమైన వానను కెమెరా సరిగా పట్టదని, చినుకు లావుగా ఉండి, వెనకనుంచి దీపం పడితేనే తెర మీద గీతలా కనిపిస్తుందని ఆయన వివరించాడు. చప్పుడు తర్వాత విడిగా చేరుస్తారు. ఏ సన్నివేశానికి ఎంత వాన కావాలో కూడా వాళ్లకొక అంచనా ఉంది: ప్రేమకు సన్నగా, పోరాటానికి దట్టంగా, చావుకు గాలితో కలిపి ఏటవాలుగా.

"మరి షూటింగ్ మధ్యలో నిజం వాన పడితే?" అని అడిగాను.

"ప్యాకప్" అన్నాడు నవ్వి.

ఈ జవాబు రోజంతా నాతో తిరిగింది. కథకు పనికొచ్చే వాన మొదలుపెట్టి ఆపగలిగిన వాన. మరో టేక్‌కు అదే తీరున మళ్లీ పడే వాన. సినిమావాళ్లది ట్యాంకరు, మాది కలం, ఏర్పాటు ఒకటే. మేమూ ప్రేమకు సన్నవాన, చావుకు గాలివాన అని పంచిపెడుతూనే ఉన్నాము, ఆ వాన ఏ నాలాలో పడి ఎవరి గుమ్మంలోకి వెళ్లిందో అడగడం మా పని కాదన్నట్టు.

అయితే కృష్ణానగర్‌కు రెండో ముఖం ఉంది. చుట్టూ జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఎత్తులు. మధ్యలో ఈ పల్లం. గంటసేపు గట్టి వాన పడితే ఎత్తుల మీది నీరంతా రోడ్లనే కాలువలు చేసుకుని ఇక్కడికి దిగుతుంది. గల్లీల్లో నిలిపిన స్కూటర్లు, బైకులు ఒకదాని మీద ఒకటి పడి నీటిలో కొట్టుకుపోయే దృశ్యాలు వానాకాలంలో ప్రతి ఏడూ ఫోన్లలో తిరుగుతుంటాయి. మా పరిచయస్థుడి గదిలో మంచం కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి ఉన్నాయి. పగలంతా కొండ మీద ఏదో బంగళా ముందు హీరో మీద వాన కురిపించి వచ్చి, రాత్రి ఆ కొండ నీటినే బకెట్‌తో బయటికి తోడిన రోజులు ఉన్నాయని ఆయన ఏ ప్రత్యేకతా లేని గొంతుతో చెప్పాడు. వ్యంగ్యం ఆయనకు కనిపించలేదో, కనిపించి కనిపించి అరిగిపోయిందో తెలియదు. ఒకటి మాత్రం స్పష్టం: ఒకే వాన ఎత్తున ఉన్నవాడికి వాతావరణం, పల్లాన ఉన్నవాడికి రాత్రి డ్యూటీ. పాత్ర ఇల్లు సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున ఉందో తెలియకుండా హైదరాబాద్ కథలో వాన రాయడం ఇక కుదరదు.

ఆదివారం, సికింద్రాబాద్

లష్కర్ బోనాల రద్దీలో ఎక్కువ తిరగలేకపోయాను. మధ్యాహ్నం పావుగంట జల్లు పడింది. బోనం ఎత్తుకున్నవాళ్లు ఎవరూ వరుస విడిచి పక్కకు జరగలేదు.

సోమవారం, రంగం, బేగంపేట

ఈ రోజు రెండు జోస్యాలు విన్నాను. పొద్దున ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం. పచ్చికుండ మీద నిలబడిన జోగిని నోట అమ్మవారు ఆ ఏటి సంగతులు చెబుతుంది. వానలు, పంటలు, రోగాలు అందులో తప్పనిసరిగా ఉంటాయి. నాకు లౌడ్‌స్పీకరు ద్వారానే వినిపించింది, చుట్టూ జనం ఊపిరి బిగబట్టి విన్నారు. ఇదీ ఒక కథనమే. కోపం, వాగ్దానం, షరతు అన్నీ ఉన్నాయి: మీరు నన్ను మరిస్తే ఇలా, తలిస్తే అలా. వానకూ మనిషి నడతకూ సంబంధం ఉందని మన పెద్దలు మొదటినుంచీ నమ్మారు. ఋష్యశృంగుడు అడుగుపెట్టగానే కరువుతో ఎండిన అంగదేశంలో వాన పడింది. విరాటపర్వం చదివిస్తే వానలు పడతాయన్న నమ్మకంతో పల్లెల్లో పారాయణాలు పెట్టించేవారు. కప్పతల్లిని రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించేవారు. మిగతా ప్రపంచం సంగతి నాకు తెలియదు గాని, మన దగ్గర వాన కథలోకి రావడమే కాకుండా కథ చెబితే వాన వచ్చేది.

మనిషి నడతకూ వానకూ సంబంధముందన్న మాట ఇప్పుడు మరో దారిలో నిజమవుతోంది. బొగ్గు, పెట్రోలు కాల్చి మనం వేడెక్కించిన గాలి, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. ఎక్కువ పట్టుకున్న గాలి విడిచేటప్పుడూ ఎక్కువే విడుస్తుంది. మధ్య భారతంలో విస్తృతంగా కురిసే అతివృష్టి ఘటనలు 1950 నుంచి 2015 వరకు మూడు రెట్లు పెరిగాయని పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తల నాయకత్వంలో జరిగిన అధ్యయనం 2017లో తేల్చింది. అరేబియా సముద్రం మీదుగా వచ్చే తేమగాలుల ఒడుదొడుకులను అందుకు ముఖ్యకారణంగా చూపింది. వానాకాలపు మొత్తం వర్షం ఆ తీరున పెరగలేదు. అంటే రోజులు పొడిగా, పూటలు బరువుగా.

మధ్యాహ్నం బేగంపేటలో వాతావరణ కేంద్రం మీదుగా నడుస్తూ ఫోన్‌లో ఆనాటి సూచన చదివాను: పసుపు రంగు హెచ్చరిక, అక్కడక్కడ ఉరుములతో జల్లులు. ఈ జోస్యంలో షరతులు లేవు, రంగులు, సెంటీమీటర్లు ఉన్నాయి. 24 గంటల్లో 6.45 సెంటీమీటర్లు దాటితే భారీ వర్షం, 11.56 దాటితే అతిభారీ, 20.45 దాటితే అత్యంత భారీ. లెక్క ఉదయం 8:30 నుంచి మరునాటి ఉదయం 8:30 వరకు. బేగంపేటలో 2000 ఆగస్టులో ఒక్కరోజు 24 సెంటీమీటర్లు పడింది. 2020 అక్టోబర్ 13, 14 తేదీల మధ్య 19 సెంటీమీటర్లకు పైగా పడింది, అక్టోబర్ నెలలో అక్కడ అంత ఎన్నడూ పడలేదు. కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా వచ్చిన రాత్రి అది. అదే రాత్రి తూర్పున ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు. ఒకే నగరం, ఒకే రాత్రి, ఇంత తేడా. అందుచేత "హైదరాబాద్‌లో వాన పడుతోంది" అనే వాక్యం కథ మొదట్లో ఎంత అందంగా ఉన్నా ఏమీ చెప్పదు.

అయితే ఏదైనా ఒక్క రాత్రిని చూపి ఇది వాతావరణ మార్పు అని వేలు పెట్టడం న్యాయం కాదు. 1908 నాటికి భూమి ఇంత వేడెక్కలేదు. అయినా మూసీ అంతమందిని మింగింది. మార్పు తెలిసేది ఒక వానలో కాదు, అటువంటి వానలు ఎంత తరచుగా వస్తున్నాయన్న దానిలో. కథకుడికి ఇది చాలా ఇబ్బంది కలిగించే విషయం, ఎందుకంటే కథ బతికేది ఒక్క రాత్రి మీద. తరచుదనాన్ని ఒక సన్నివేశంలో ఎలా చూపాలి? కృష్ణానగర్ మంచం కింది ఇటుకలు నాకు తట్టిన ఒక మార్గం: వాన పడకముందే వాన కోసం సిద్ధమైన ఇల్లు.

మంగళవారం, హాఫిజ్‌బాబానగర్

చివరి రోజు దక్షిణాన, చాంద్రాయణగుట్ట వైపు. 2020 అక్టోబర్ 13 నాటి వానకు బాలాపూర్ గుర్రం చెరువు నిండింది. 17వ తేదీ రాత్రి మళ్లీ గట్టి వాన పడి కట్ట తెగితే, నీరు హాఫిజ్‌బాబానగర్ ఇళ్ల మీదికి వచ్చింది. మొదటి వానకు బురద ఎత్తిపోసుకుని, పరుపులు ఎండబెట్టుకుని, గండం గడిచిందనుకున్నవాళ్ల ఇళ్లలోకి రెండో నీరు వచ్చింది. మన కథల్లో వాన వెలవడం ముగింపుకు సంకేతం. ఇక్కడ వెలిసిన తర్వాతే అసలు ప్రకరణం మొదలైంది. చెరువుల శిఖాలు (నీరు నిలిచే నేలలు), నాలాలు కుదించుకుపోయిన చోట పాతకాలపు వాన కూడా చాలినంత నష్టం చేస్తుంది, కనుక తప్పంతా ఆకాశం మీదికి నెట్టడం కుదరదు.

ఒక కిరాణా దుకాణదారుతో మాట్లాడాను. ఆయన తెలుగు, దక్కనీ కలిపి మాట్లాడే మనిషి. చాయ్ తెప్పించి స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఫ్రిజ్ ఇటుకల మీద ఉంది, ఉప్పు, చక్కెర మూటలు నడుము ఎత్తు అర మీద ఉన్నాయి, రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పైకప్పు కొక్కేనికి వేలాడుతున్నాయి. మబ్బు పట్టినప్పుడు ముందు ఏం చేస్తారని అడిగాను. "మొగులు చూసి ఏం లాభం సార్, చెరువును చూడాలె" అని, బాలాపూర్‌లో ఉండే బావమరిదికి ఫోన్ చేస్తానని చెప్పాడు. మాట్లాడుతుండగానే, అలవాటుకొద్దీ కాబోలు, ఒకసారి చేశాడు కూడా. మా నెత్తి మీద ఎండ కాస్తోంది. అవతల చినుకులు మొదలయ్యాయని తెలియగానే ఆయన నా చాయ్ గ్లాసు పక్కకు జరిపి, నేల మీదున్న బియ్యం బస్తాలు పైకి ఎక్కించడానికి కొడుకును పిలిచాడు. ఒక పక్క నేను పట్టాను.